ఇంకో ప్రతి ఎక్కడుంది?

"ఇంకో కాపీ ఎక్కడైనా ఉందా మేడమ్?"

హార్డ్‌డిస్క్ బాగుచేసే కుర్రాడు నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇదే. డిస్కుని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. లోపల్నించి టిక్కు టిక్కుమని చప్పుడొస్తోంది. వేరే కంప్యూటర్‌కి తగిలించి చూశాడు, తీశాడు, మళ్ళీ తగిలించాడు. లేదన్నాను. అతనేమీ అనలేదు. కానీ స్టవ్ మీద పాలు పెట్టి మర్చిపోయిన ఆడదాన్ని చూసినట్టు చూశాడని నాకనిపించింది. అతను అలా చూశాడో, నాకే అలా అనిపించిందో తెలీదు. ఏది పోయినా ముందు మన అజాగ్రత్త వల్లే పోయిందనుకోవడం మనకి చిన్నప్పట్నించీ నేర్పిన విద్య కదా!

అందులో ఏముందో చెప్పాలి. నిజామాబాద్ జిల్లాలో బీడీలు చుట్టే స్త్రీలతో ఏడేళ్ళపాటు విడతలు విడతలుగా చేసిన సంభాషణలున్నాయి. ఒళ్ళో చేట పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూ, చేతులు ఆగకుండా వాళ్ళు చెప్పిన జీవితాలు. వాటిని ఎత్తిరాసుకున్న పేజీలు, సగంలో ఉన్న నా పుస్తకం, ఎవరికీ చూపించని కొన్ని కవితలు కూడా ఉన్నాయి. వ్యాసాల్లో కొన్ని ఎవరెవరికో మెయిల్ చేసినవి ఉన్నాయి కాబట్టి దొరికాయి. గొంతులు మాత్రం పోయాయి. ఆ స్త్రీలలో ఒకామె అప్పటికి ఏడాది క్రితమే చనిపోయింది. "మా అమ్మ గొంతు ఒక్కపారి ఇనిపియ్యవా అక్కా" అని ఆమె కూతురు నన్ను రెండుసార్లు అడిగింది. సీడీ చేసి తెస్తానన్నాను, తర్వాత పెన్‌డ్రైవ్‌లో వేసి తెస్తానన్నాను. ఏదీ తేలేదు.

ఆ తర్వాత చాలా నెలలు నేను ఏ పుస్తకం పట్టుకున్నా ఆ కుర్రాడి ప్రశ్నే అడ్డమొచ్చేది. ఈ రచన నా చేతికి ఎలా వచ్చింది? దీనికి ఇంకో ప్రతి ఎక్కడుండింది? ఎవరు దాచారు? దాచినవాళ్ళకి ఏమైంది? సాహిత్య విమర్శలో మనం వస్తువు, శిల్పం, దృక్పథం గురించి మాట్లాడతాం. ఆ కాగితం ఎవరి బియ్యపు డబ్బాలో ఉండి బతికిందన్నది విమర్శకి సంబంధించిన విషయంగా చూడం. చూడాలని ఇప్పుడు గట్టిగా అనిపిస్తోంది.

బెంగాల్‌లో రాససుందరీ దేవి సంగతి మనలో చాలామందికి తెలుసు. 1876లో వచ్చిన ఆమె ఆత్మకథ 'ఆమార్ జీబన్' గురించి తరగతి గదుల్లో పాఠాలు చెబుతున్నాం. చదువుకోవాలన్న కోరికతో చైతన్య భాగవతం లోంచి ఒక పేజీ ఊడదీసి వంటింట్లో దాచుకుని, కొడుకు అక్షరాలు దిద్దిన తాటాకుతో పోల్చుకుంటూ రహస్యంగా చదవడం నేర్చుకుంది. దీన్ని అక్షరాస్యత కథగా చెప్పుకుంటాం. నాకిప్పుడు అది దాచడం గురించిన కథగా కూడా కనిపిస్తోంది. వంటిల్లు మగవాళ్ళు వెతకని చోటు. అక్కడ ఏది ఎక్కడ పెడితే కనపడదో ఆమెకి తెలుసు. వందేళ్ళ తర్వాత 1981లో సాదత్ ప్రభుత్వం జైల్లో పెట్టినప్పుడు, నవాల్ ఎల్ సాదావి కనుబొమలు దిద్దుకునే పెన్సిల్‌తో టాయిలెట్ కాగితం మీద రాసింది. ఆ పెన్సిల్ వ్యభిచారం నేరం కింద జైలుకొచ్చిన ఒక స్త్రీ దగ్గర్నించి దొరికింది. కలం నిషిద్ధం, అలంకరణ సామగ్రి కాదు. మన మీద ఉన్న అంచనాలే ఒక్కోసారి మనకి దాపు అవుతాయి.

అఖ్మతోవా 'రెక్వియం' సంగతి చూడండి. లెనిన్‌గ్రాడ్‌లో కొడుకు కోసం జైలు ముందు క్యూలో నిలబడ్డ తల్లి రాసిన కవితలవి. కాగితం ఇంట్లో దొరికితే చాలు, ప్రాణం మీదికొస్తుంది. లిడియా చుకోవ్‌స్కయా తన జ్ఞాపకాల్లో రాసిన దృశ్యం ఉంది. గోడలకి చెవులుంటాయని అఖ్మతోవా పైకి టీ గురించో వాతావరణం గురించో ఏదో మాట్లాడుతూ ఒక చిన్న కాగితం మీద పంక్తులు రాసి ఇచ్చేది. లిడియా చదివి కంఠస్థం చేసి తిరిగి ఇచ్చేది. అఖ్మతోవా ఆ కాగితాన్ని యాష్‌ట్రే మీద కాల్చేసేది. ఇలా కొద్దిమంది నమ్మకస్తుల తలల్లో ఆ కావ్యం ఏళ్ళ తరబడి ఉండిపోయింది. 1963లో మ్యూనిక్‌లో, సోవియట్ యూనియన్‌లో 1987లో గానీ అచ్చు కాలేదు. నదేజ్దా మాండెల్‌స్టామ్ కూడా అంతే. భర్త కవితలు తన జ్ఞాపకంలో పెట్టుకుని, ఊరూరా తిరుగుతూ, మర్చిపోతానేమోనన్న భయంతో రాత్రుళ్ళు వల్లెవేసుకుంటూ బతికింది.

విమర్శకులు దీన్ని ప్రేమ అన్నారు, త్యాగం అన్నారు. నాకా మాటలంటే కొంచెం అనుమానం. ఇది పని. జీతం లేని, సెలవు లేని, పొరపాటుకి క్షమాపణ లేని పని. టాల్‌స్టాయ్ 'యుద్ధము-శాంతి' రాతప్రతిని సోఫియా పిల్లల్ని నిద్రపుచ్చాక కూర్చుని పదేపదే సాపు రాసింది. 'లోలిటా' రాతప్రతిని నబకోవ్ తగలబెట్టబోతే ఆపింది వేరా. మగ రచయితకి ఇంకో ప్రతి ఎక్కడుందంటే చాలాసార్లు జవాబు, భార్య దగ్గర. మరి సోఫియా రాసుకున్న వాటికి ఇంకో ప్రతి ఎవరు రాశారు? అఖ్మతోవా తోటి స్త్రీల జ్ఞాపకంలో బతకగలిగింది సరే. ఆమె అప్పటికే అఖ్మతోవా. అదే క్యూలో నిలబడ్డ ఇంకో తల్లి కూడా ఏదో కట్టి ఉంటుంది. దాన్ని ఎవరు కంఠస్థం చేసి ఉంటారు?

డిజిటల్ కాలంలో కూడా ఈ ప్రశ్న పోలేదు. కుర్ద్ రచయిత బెహ్రూజ్ బూచానీ ఆస్ట్రేలియా ప్రభుత్వం మానస్ దీవిలో బంధించినప్పుడు ఒక పుస్తకాన్ని మొత్తం వాట్సప్ సందేశాలుగా ఫార్సీలో రాసి పంపాడు. కాగితమైనా ఫోనైనా ఎప్పుడు గుంజుకుంటారో తెలీదు కాబట్టి రాసినది రాసినట్టు దీవి దాటించాడు. 2018లో పుస్తకంగా వచ్చి, 2019లో విక్టోరియా రాష్ట్రపు పెద్ద సాహిత్య బహుమతి పొందింది. బహుమతి అందుకోవడానికి ఆయన్ని రానివ్వలేదు. గొప్ప పుస్తకం, సందేహం లేదు. అయితే ఆ ముక్కలు ముక్కలు సందేశాల్ని అందుకుని, వరసలో పెట్టి, అనువాదకుడి చేతికి అందేలా చేసిన మూనెస్ మన్సూబీ అనే స్త్రీ పేరు సమీక్షల్లో ఎన్నిచోట్ల కనపడుతుందో చూడండి. వాట్సప్ నవల అని ఆశ్చర్యపోయారు. అది ఫోనులో దానంతటదే పుస్తకం అయినట్టు.

ఎవరి చేతిలోనూ ఇంకో ప్రతి లేనప్పుడు ఏమవుతుందో మాక్సిన్ హాంగ్ కింగ్‌స్టన్ రాసింది. 1991 అక్టోబరులో తండ్రి కర్మకాండకి వెళ్ళి తిరిగి వచ్చేసరికి ఓక్లండ్ కొండల్లో ఆమె ఇల్లు కాలిపోయింది. రాస్తున్న నవల బూడిదైంది. పోయినదాన్ని ఉన్నదున్నట్టు తిరిగి రాయలేకపోయింది. పన్నెండేళ్ళకి, 2003లో, పోవడం గురించీ మొదలుపెట్టడం గురించీ ఇంకో పుస్తకం రాసింది. విమర్శకులు దాన్ని పునర్జన్మ అని మెచ్చుకుంటే నాకు ఒళ్ళు మండింది. ఆ పన్నెండేళ్ళు ఎవరిస్తారు?

ఇక మన ముద్దుపళని. 18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో 'రాధికా సాంత్వనం' రాసిన కవయిత్రి. ఈ పత్రిక పాఠకులకి ఆ కథ కొత్త కాదు, వీరేశలింగం పంతులుగారు ఏమన్నారో, బెంగళూరు నాగరత్నమ్మ ఎంత ఘాటుగా బదులిచ్చిందో అందరం చదివాం. మగకవుల పచ్చి శృంగారం పాఠ్యపుస్తకం కాగా లేనిది ఒక స్త్రీ రాస్తే ఎందుకు నేరమైందన్న ఆమె ప్రశ్నని ఇప్పటికీ మన సభల్లో వాడుకుంటున్నాం. నేను మళ్ళీ చదివింది ఇంకో కారణంతో. నాగరత్నమ్మకి మొదట దొరికింది అంతకుముందు అచ్చయిన ఒక పుస్తకం. అందులో కొన్ని పద్యాలు లేవు. కవయిత్రి తన గురించి, తన ఇంటి స్త్రీల గురించి చెప్పుకున్న భాగం లేదు. రాతప్రతి దొరికి రెండూ పోల్చి చూశాక గానీ ఏం పోయిందో ఆమెకి తెలియలేదు. అప్పుడు పూర్తి పాఠాన్ని పరిష్కరించి, 1910లో వావిళ్ళవారి చేత వేయించింది. 1911లో ప్రభుత్వం అశ్లీలమని నిషేధించి ప్రతుల్ని స్వాధీనం చేసుకుంది. ఎందరో పండితులు అర్జీలు పెట్టినా లాభం లేకపోయింది. ప్రకాశం పంతులుగారి చొరవతో స్వాతంత్ర్యం వచ్చే రోజుల్లో గానీ నిషేధం తొలగలేదు. మళ్ళీ అచ్చయింది 1952లో.

ఇక్కడ రెండు సంగతులు నన్ను ఆపాయి. ఒకటి, పోలీసులు స్వాధీనం చేసుకున్నది గోడౌన్‌లో ఉన్న ప్రతుల్ని. అప్పటికే పాఠకుల ఇళ్ళకి చేరినవి ఎక్కడో అక్కడ మిగిలాయి. నలుగురి చేతుల్లో పడ్డ రచనని పూర్తిగా చంపడం కష్టం. రెండోది ఇంకా ముఖ్యం. ప్రతి ఉండటం వేరు, సరైన ప్రతి ఉండటం వేరు. నాగరత్నమ్మ రాతప్రతితో పోల్చి చూడకపోతే, కోతపడ్డ ముద్దుపళనినే మనం పూర్తి ముద్దుపళని అనుకుని ఉండేవాళ్ళం. తన ఆడవంశం గురించి చెప్పుకోని కవయిత్రిగా ఆమెని విశ్లేషించి, దాని మీద పిహెచ్.డి.లు కూడా ఇచ్చి ఉండేవాళ్ళం.

ఈ రెండో సంగతి 2018 తర్వాత వేరే రూపంలో మన ముందుకొచ్చింది. ఆ ఏడాది ఆగస్టు 28న పుణె పోలీసులు హైదరాబాద్‌లో వరవరరావు గారింటితో పాటు, ఆయన అల్లుడు, ఇఫ్లూ ఆచార్యుడు కె. సత్యనారాయణ ఇంట్లో కూడా సోదా చేశారు. ఆయన నిందితుడు కాదు. సూసీ తారుతో కలిసి దక్షిణ భారత దళిత సాహిత్య సంకలనాలు తెచ్చిన పండితుడు. కంప్యూటర్లు, డ్రైవులు పట్టుకుపోయారు. ఏళ్ళ తరబడి చేసిన అకడమిక్ పని వాటితో పాటు పోయిందని ఆయన విలేఖరులకి చెప్పారు. అదే సోదాలో ఆయన భార్యని, నువ్వు బ్రాహ్మణ స్త్రీవి, నీ భర్త దళితుడు కాబట్టి సంప్రదాయం పాటించడు, మరి నువ్వెందుకు సింధూరం పెట్టుకోలేదు, నగలెందుకు లేవు అని అడిగారని పత్రికల్లో వచ్చింది. ఈ రెండూ ఒకే గదిలో, ఒకే పూట జరిగాయి. ఒకరి హార్డ్‌డిస్క్‌లో ఏముందో, ఒకరి నుదుట ఏం లేదో, రెండూ సోదాకి లోబడ్డ వస్తువులే. దీని మీద వచ్చిన వ్యాసాల్లో ఎక్కువభాగం మొదటిదాన్ని స్వేచ్ఛ సమస్యగా, రెండోదాన్ని మర్యాద సమస్యగా విడదీసి చూశాయి. నేనలా విడదీయలేను.

భీమా కోరేగావ్ కేసులోనే, రోనా విల్సన్ లాప్‌టాప్‌లో దొరికాయన్న ఉత్తరాలు బయటినించి మాల్‌వేర్ ద్వారా చొప్పించినవని అమెరికాలోని ఆర్సెనల్ కన్సల్టింగ్ సంస్థ 2021 ఫిబ్రవరిలో తేల్చింది. దర్యాప్తు సంస్థ ఒప్పుకోలేదు. ఎవరేమన్నా, మన యంత్రంలో ఉన్నది మనం రాసిందేనని ఎలా నిరూపించాలన్న ప్రశ్న మిగిలే ఉంది. దానికి హాష్ వాల్యూ అని ఒకటుంది. ఫైలు మొత్తాన్నీ లెక్కగట్టి తీసే ఒక సంఖ్య అది. ఒక్క అక్షరం మారినా, ఒక్క కామా చేర్చినా ఆ సంఖ్య మొత్తం మారిపోతుంది. సోదా జరిగినప్పుడే ఆ సంఖ్య తీసి మన చేతికిస్తే, తర్వాత అందులో ఎవరైనా ఏదైనా కలిపారా లేదా అన్నది తేలిపోతుంది. నాగరత్నమ్మ రెండు ప్రతులు పక్కపక్కన పెట్టుకుని చేసిన పనే ఇది, యంత్రం చేస్తుంది, అంతే.

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన రామ్ రామస్వామి, సామాజిక శాస్త్రవేత్త సుజాతా పటేల్, ఇఫ్లూ ఆచార్యుడు మాధవ ప్రసాద్ తదితర అధ్యాపకులు, పరికరాల జప్తుకి నియమాలుండాలని సుప్రీంకోర్టుకి వెళ్ళారు. ఏళ్ళ పరిశోధన పోతే దాన్ని ఎవరూ పూడ్చలేరన్నది వాళ్ళ వాదన. పత్రికా రచయితల సంఘం ఒకటి వేరే పిటిషన్ వేసింది. 2023 చివర్లో కోర్టు గట్టిగా అడిగితే, కొత్త నియమాలు వచ్చేదాకా సి.బి.ఐ. 2020 మాన్యువల్‌ని పాటిస్తామని కేంద్రం చెప్పింది. 2024 జులై 1 నించి అమల్లోకొచ్చిన కొత్త చట్టం ప్రకారం సోదానీ జప్తునీ వీడియో తీయాలి. మంచిదే. కానీ నా పనికి ఒక కాపీ తీసి నా చేతిలో పెట్టి వెళ్ళాలన్న మాట ఆ చట్టంలో లేదు. కాబట్టి ఆ కాపీ ముందే ఉండాలి, వాళ్ళు వచ్చే ఇంట్లో కాకుండా ఇంకోచోట ఉండాలి.

ఇలా రాస్తూ ఒకచోట ఆగాను. ఎందుకంటే మనలో ఎక్కువమందికి జప్తు చేసేది పోలీసు కాదు. తమిళ రచయిత్రి సల్మా అత్తవారింట్లో బాత్‌రూమ్‌లో కూర్చుని రాసి, దాచి, తల్లి చేతిమీదుగా బయటికి పంపి, మారుపేరుతో అచ్చేయించుకుంది. ఆమెకి వారెంటు చూపించిన వాళ్ళెవరూ లేరు. నాకు తెలిసిన ఒక స్నేహితురాలు ఆరేళ్ళపాటు రాసిన కథలు ఇంట్లో అందరూ వాడే కంప్యూటర్‌లో ఉండేవి. పెళ్ళి విడిపోయింది. బట్టలు, సర్టిఫికెట్లు, పిల్ల పుస్తకాలు సర్దుకుని వచ్చేసింది. కంప్యూటర్ ఆ ఇంట్లోనే ఉండిపోయింది. కోర్టులో భరణం గురించి, నగల గురించి మాట్లాడారు. కథల గురించి అడగాలని లాయరుకీ తోచలేదు, ఆమెకీ తోచలేదు. ఇంకొకామె మెయిల్ భర్త తెరిచి ఇచ్చినది. పాస్‌వర్డ్ మార్చాలంటే ఓటీపీ ఆయన ఫోనుకి వెళ్తుంది. ఆయన మంచివాడే, ఆమె ఎప్పుడడిగినా చెప్తాడు. ఎప్పుడడిగినా!

బ్యాకప్ గురించి ఇంగ్లీషులో వచ్చే సలహాలు చదివితే, వాటిని రాసినవాళ్ళకి సొంత గది, సొంత ఖాతా, సొంత ఫోను, ఎవరూ అడగని కొంత సమయం ఉన్నాయని తెలిసిపోతుంది. పీటర్ క్రోగ్ అనే ఫోటోగ్రాఫర్ చెప్పిన సూత్రం ఒకటి బాగా ప్రచారంలో ఉంది. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి ఇంటి బయట. ఇది చదివి నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆవిడ డబ్బు కొంత పోపులపెట్టెలో, కొంత బియ్యపు డబ్బా అడుగున, కొంత పక్కింటి పిన్ని దగ్గర ఉండేది. తాతయ్యకి పోపులపెట్టె సంగతి తెలుసని ఆవిడకి తెలుసు, అందుకే అందులో కొంచెమే ఉంచేది. క్రోగ్ సూత్రం ఆవిడకి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. కాకపోతే డబ్బు దాచుకోవాలని తెలిసిన మనకి, రాసింది దాచుకోవాల్సినంత విలువైందని ఎవరూ చెప్పలేదు. "ఏదో రాసుకుంటూ ఉంటానండీ" అంటాం చూడండి, ఆ మాటే మన మొదటి జప్తు.

ఒక పొరపాటు చెప్పాలి, ఎందుకంటే చాలామంది చేస్తున్నారు. గూగుల్ డ్రైవ్ లాంటి వాటిలో ఫైలు ఉంటే బ్యాకప్ ఉన్నట్టే అనుకుంటాం. ఫోనులో, కంప్యూటర్‌లో, నెట్‌లో ఒకటే ఫైలు జతగా ఉంటే, ఒకచోట చెరిపితే మిగతాచోట్లా చెరిగిపోతుంది. కొన్నాళ్ళు చెత్తబుట్టలో ఉంటుంది, తర్వాత అదీ ఉండదు. పైగా రెండేళ్ళు తెరవని ఖాతాల్ని తీసేస్తామని గూగుల్ 2023లో ప్రకటించింది. ఒక రచయిత్రి మంచాన పడి రెండేళ్ళు కంప్యూటర్ ముట్టకపోవడం ఎంత మామూలు విషయమో మనకి తెలుసు. మనం తెరవకపోతే ఎవరికి తెలియజేయాలో ముందే ఒక పేరు ఇచ్చే వీలు ఆ ఖాతాలోనే ఉంది. ఆ పేరు ఎవరిదన్నది తేలిగ్గా తేల్చుకునేది కాదు, నాకు నెల పట్టింది.

తెలుగు రాసేవాళ్ళకి ఇంకో తలనొప్పి ఉంది, దీన్ని ఇంగ్లీషు సలహాదారులు ఊహించలేరు. నా మొదటి కవితా సంపుటి ఫైళ్ళున్న సీడీ నా దగ్గర భద్రంగా ఉంది. డి.టి.పి. చేసినమ్మాయి పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో చేసి ఇచ్చింది. ఆ మధ్య తెరిస్తే తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు, విరిగిన పిచ్చిగీతలు! పోలేదు, ఉంది. ఉండి చదవడానికి రాదు. పేజ్‌మేకర్ ఆఖరి రూపం 2001లో వచ్చింది, తర్వాత కంపెనీ దాన్ని ఆపేసింది. యూనికోడ్‌లో తెలుగుకి 1991 నించీ చోటుంది గానీ మన అచ్చు ప్రపంచం చాలా ఏళ్ళు అటు వెళ్ళలేదు, కొంతమంది ఇప్పటికీ వెళ్ళలేదు. ఆ ఇరవయ్యేళ్ళూ స్త్రీవాద, దళిత, మైనారిటీ సాహిత్యం ఉధృతంగా వచ్చిన కాలం. చిన్న పత్రికలు, మూడొందల ప్రతుల పుస్తకాలు, వాటి ఫైళ్ళన్నీ ఇలాంటి తాళం చెవి పోయిన పెట్టెల్లో ఉన్నాయి. కన్వర్టర్లున్నాయి, వాడాను. ఒత్తులు ఒకచోట, పొల్లులు ఒకచోట పడతాయి, కూర్చుని దిద్దుకోవాలి. సోఫియా పని. అయినా చేస్తున్నాను, రోజుకి నాలుగు పేజీలు. అచ్చు పుస్తకం ఉంది కదా అంటారు. 2000 ఆగస్టు వరదల్లో బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో పుస్తకాలు నీళ్ళపాలైనప్పుడు అచ్చు పుస్తకానికి ఎంత ఆయుష్షో చూశాం.

ఇంతదాకా ప్రతులు పెంచాలనే రాశాను. ఇప్పుడు దానికి ఎదురుతిరిగే మాట ఒకటి. బీడీ కార్మికులు నాకు చెప్పినవాటిలో భర్త కొట్టిన దెబ్బలున్నాయి, కమిషన్‌దారు చేసిన ఆగడాలున్నాయి, ఇంట్లో ఎవరికీ తెలియని ప్రేమలున్నాయి. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పట్నించీ మౌఖిక చరిత్ర మనకి గొప్ప పనిముట్టు అయింది. ఒకరి గొంతుని నమ్మకం మీద తీసుకోవడం ఎంత బరువో కూడా ఆ పుస్తకం నించే నేర్చుకున్నాం. ఆ గొంతుకి నాలుగు ప్రతులుంటే నాలుగు చోట్ల బయటపడే ప్రమాదం ఉంది. పోగొట్టుకోవడం నా నష్టం, బయటపడటం ఆమె నష్టం. ఈ రెండింటినీ ఒకే తూకంలో వేయకూడదు. ఇప్పుడు నేను పేర్లు ఒకచోట, గొంతులు ఒకచోట పెడుతున్నాను. వెరాక్రిప్ట్ అని ఉచితంగా దొరికే సాధనంతో గొంతులకి తాళం వేస్తున్నాను. దాని పాస్‌వర్డ్ మర్చిపోతే పోలీసు అక్కర్లేదు, నాకు నేనే జప్తు చేసుకున్నట్టు. అందుకని కవరులో పెట్టి అతికించి ఇద్దరు స్నేహితురాళ్ళ దగ్గర ఉంచాను, సగం ఒకరి దగ్గర, సగం ఇంకొకరి దగ్గర. వాళ్ళలో ఒకరు "నీ నగలు నా లాకర్లో పెట్టినట్టుంది" అని నవ్వింది.

పోలీసు తలుపు కొట్టి తాళం తీయమంటే తీస్తానా? ఆ గదిలో నిలబడితే గానీ జవాబు చెప్పలేను. ధైర్యం గురించి ముందే రాసుకోవడం నాకిష్టం లేదు. ఆ పరిస్థితి వస్తే తీసి చూపడానికి ఆడవాళ్ళ పేర్లు అందులో ఉండకుండా చూసుకోవడం మాత్రం నా చేతిలో పని.

అసలు ఆ గొంతులు నావేనా అన్నది నేను ఇన్నేళ్ళలో అడగని ప్రశ్న. నా పరిశోధన, నా పుస్తకం, నా హార్డ్‌డిస్క్. వాళ్ళ గొంతుకి వాళ్ళ దగ్గర ఒక ప్రతి ఉండాలని నాకు తోచలేదు. జీతం లేని పని గురించి ఇంత రాసినదాన్ని, ఆమె చెప్పినంతసేపూ ఆమె వేళ్ళు బీడీలు చుడుతున్నాయని తెలిసినదాన్ని, సీడీ తెస్తానని తేలేదు. అంటే ముద్దుపళని ప్రతులన్నీ ఒక్క గోడౌన్‌లో పెట్టి తాళం వేసినట్టే కదా!

కిందటి ఏడాది చలికాలంలో ఆ ఊరెళ్ళాను. డిస్కు పోయిందని కూతురికి చెప్పాలి. ఫోనులో చెప్పడం నాకు చేతకాలేదు. ఆమె విని, కాసేపు బీడీల కట్టలు కట్టుకుంటూ కూర్చుంది. తర్వాత లేచి గూట్లోంచి ఒక పాత ఫోను తీసింది, తెర పగిలిపోయి ఉంది. "ఆ దినం నువ్వు రికార్డు చేస్తుంటె నేను గూడ చేసిన అక్కా. నువ్వేమంటవో అని చెప్పలే" అంది. మెమొరీ కార్డు తీసి నా ఫోనులో వేస్తే పనిచేసింది. ఆరు నిమిషాలుంది. ఒక కాపీ నా దగ్గర, ఒకటి ఆమె తమ్ముడి ఫోనులో, ఒకటి ఆమె దగ్గరే. పేరు ఎక్కడా రాయొద్దంది, పాట మాత్రం ఎవరికన్నా ఇనిపియ్యొచ్చు అంది.

ఆరు నిమిషాల్లో పాట రెండు నిమిషాలే. మిగతాదాంట్లో తునికాకు కత్తిరిస్తున్న కత్తెర చప్పుడు, ఎవరిదో కోడి, మధ్యలో నా గొంతు, "ఆ ఫ్యాను కొంచెం కట్టెయ్యమ్మా, శబ్దం వస్తోంది" అంటూ.